ఉగాది పచ్చడి గిన్నె దగ్గర తెలుగు: న్యూజెర్సీ ఆదివారం బడిలో రెండేళ్ల పండగల కేస్ స్టడీ

న్యూజెర్సీ మధ్య భాగంలో ఉన్న ఒక ఆదివారం తెలుగు బడిలో 2023–24, 2024–25 విద్యా సంవత్సరాల్లో పండగలు ఎలా జరిగాయి, మొదటి ఏడాది ఏం చెడింది, రెండో ఏడాది ఏం మార్చారు అన్నది ఈ కేస్. బడి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అవసరం లేదు. అమెరికాలో వారాంతపు తెలుగు బడి నడిపే ఎవరికైనా ఈ తిప్పలు తెలిసినవే.

బడి కొలతలు ఇవి. పిల్లలు 72 మంది, తరగతులు 5, టీచర్లు 10 మంది. టీచర్లందరూ ఉద్యోగాలు చేసుకుంటూ, జీతం లేకుండా చెప్పేవాళ్లే. సగం మందికి సొంత పిల్లలు ఇదే బడిలో ఉన్నారు. పబ్లిక్ మిడిల్ స్కూల్ గదులు అద్దెకు తీసుకుని ఉదయం 10 నుంచి 12:30 దాకా నడుపుతారు. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక మొదలై మే చివర పరీక్షలతో ముగుస్తుంది. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం సెలవుల్లోనే వెళ్లిపోతుంది. బడికి మిగిలేవి మూడు: బతుకమ్మ–దసరా, సంక్రాంతి, ఉగాది. దీపావళిని వదిలేశారు. ఎవరింట్లో వాళ్లకు, ఊళ్లో నాలుగు చోట్ల అది ఎలాగూ ఉంటుంది. ఆ నిర్ణయం సరైనదే. ఏడాదికి 30 ఆదివారాలున్న బడి నాలుగో పండగ పెట్టుకుంటే చదువు మొదలయ్యేది ఎప్పుడు?

మొదటి ఏడాది మూడూ కళకళలాడాయి. పట్టు లంగాలు, ఫొటోలు, 14 రకాల వంటలు. కానీ మైకులో ఇంగ్లీషు, వడ్డించే వరుసలో ఇంగ్లీషు. పిల్లలు ఒక బల్ల దగ్గర, తల్లిదండ్రులు ఇంకో బల్ల దగ్గర. ఉగాది తరవాతి ఆదివారం రెండో తరగతిలో ఆరు రుచుల పేర్లు అడిగితే తీపి, కారం దగ్గరే ఆగిపోయారు. తెలుగు బడి రెండున్నర గంటల తెలుగును వదులుకుని పండగ చేస్తోంది, ఆ పండగలో తెలుగు లేదు. ఈ రాతలో మిగతాదంతా దాని మీదే.

తేదీ దగ్గరే మొదలయ్యే గొడవ

ఉగాది ఆదివారం రావడం అరుదు. 2023లో బుధవారం, 2024లో ఏప్రిల్ 9 మంగళవారం, 2025లో మార్చి 30 ఆదివారం, 2026లో మార్చి 19 గురువారం. పైగా తిథి సూర్యోదయంతో ముడిపడింది కాబట్టి ఇండియా కేలండర్ తేదీ ఇక్కడి తేదీ ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. బడి వాళ్లు పంచాంగ చర్చలోకి దిగకూడదు. 'పండగ మీ ఇంట్లో ఏ రోజైనా చేసుకోండి, బడిలో ఫలానా ఆదివారం' అని సెప్టెంబర్‌లోనే రాసి పంపితే వాట్సాప్‌లో వంద మెసేజ్‌లు తగ్గుతాయి.

2024లో ఆ పని చేయలేదు. మొదట ఏప్రిల్ 7 అనుకున్నారు. ఏప్రిల్ 8 అమావాస్య, ఆ రోజే అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. గ్రహణానికి ముందు రోజు, పాత సంవత్సరం పోకముందే కొత్త సంవత్సరం పచ్చడేమిటని పెద్దవాళ్లు అడ్డు చెప్పారు. మాటలో న్యాయం ఉంది. 14కి మార్చారు. అప్పటికే 7వ తేదీకి కెఫెటీరియా పర్మిట్ తీసుకున్నారు, ఆ డబ్బు పోయింది. అప్పటి నుంచి నియమం: పండగ ముందు ఆదివారం కాదు, వెనక ఆదివారం. ముందు జరిపితే అభ్యంతరం చెప్పేవాళ్లు ఉంటారు కానీ, ఆలస్యమైందని ఎవరూ అలగరు.

2025లో ఉగాది ఆదివారమే పడింది, అదృష్టం అనుకున్నారు. తీరా అమెరికాలో ఈద్ కూడా ఆ ఆదివారమే. బడిలో రెండు తెలుగు ముస్లిం కుటుంబాలున్నాయి. ఆ పిల్లల్లో ఒకరికి కార్యక్రమంలో పెద్ద పాత్ర ఇచ్చేశాక గాని ఎవరికీ తట్టలేదు. రంజాన్, ఈస్టర్, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) స్ప్రింగ్ బ్రేక్ మూడూ చూసుకున్నాకే మార్చి–ఏప్రిల్ తేదీ వేయాలి.

పర్మిట్‌లో ఏముంటుంది

తరగతి గదుల అద్దె వేరు, కెఫెటీరియా వేరు. ఎనిమిది వారాల ముందు దరఖాస్తు పెట్టాలి. డిస్ట్రిక్ట్ పేరు చేర్చిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ జతచేయాలి. ఆదివారం కస్టోడియన్ (భవనం తెరిచి శుభ్రం చేసే ఉద్యోగి) ఓవర్‌టైమ్ గంటల లెక్కన కట్టాలి. ఇక్కడ కనీసం నాలుగు గంటలు. మంట పనికిరాదు: దీపం, కర్పూరం, అగరొత్తి, స్టీమ్ ట్రే కింద పెట్టే జెల్ డబ్బా ఏదీ కుదరదు. పొగ తగిలితే ఫైర్ అలారం మోగుతుంది, ఫైర్ ఇంజన్ వస్తుంది, బిల్లు బడికి వస్తుంది. బ్యాటరీ దీపాలు పెడితే పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. విరిచినా అవే పెట్టాలి. కొబ్బరికాయ కూడా గచ్చు మీద కొట్టకూడదు, ఇంట్లో కొట్టి తేవాలి.

భవనం నిబంధనల్లో వేరుశనగ, చెట్టు గింజలు (జీడిపప్పు, బాదం లాంటివి) నిషేధం. పులిహోరలో పల్లీలు, చక్కెర పొంగలిలో జీడిపప్పు మానేయడం అందరికీ గుర్తుంటుంది. ఎవరికీ గుర్తుండనిది నువ్వులు. 2023 జనవరి 1 నుంచి అమెరికా చట్టంలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. అంటే సంక్రాంతి సకినాలు, నువ్వులద్దిన అరిసెలు, నువ్వుండలు అన్నీ చీటీ లేకుండా బల్ల మీదికి రాకూడదు. కొబ్బరిని 2025 జనవరిలో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) చెట్టు గింజల జాబితా నుంచి తీసేసింది. అయినా కొబ్బరి పడని పిల్లలు ఉంటారు, పచ్చడిలో ముక్కలు కలపకుండా పక్కన పెడితే సరిపోతుంది. ప్రతి ట్రే ముందు చీటీ ఉండాలి. చీటీ తెలుగులో నాలుగో తరగతి పిల్లలు రాస్తారు, అలర్జీ గుర్తు మాత్రం బొమ్మగా వేస్తారు. ప్రాణం మీదికొచ్చే సంగతిని చదువు పరీక్షగా పెట్టకూడదు.

పచ్చడి: మొదటి ఏడాది ఎందుకు చెత్తబుట్టలోకి వెళ్లింది

2024లో ఒక కుటుంబం ఇంట్లో తెల్లవారుజామున పచ్చడి కలిపి, రెండు పెద్ద అల్యూమినియం ట్రేలలో తెచ్చింది. పంచేసరికి 11:45. పిల్లలు ఒక గుక్క తాగి మొహం చిట్లించి కప్పులు పడేశారు. తప్పు పిల్లలది కాదు, పచ్చడి నిజంగానే బాగాలేదు. కారణాలు మూడు. ఎండు వేపపువ్వును అయిదు గంటల ముందే కలిపితే చేదంతా నీళ్లలోకి దిగి మిగతా అయిదు రుచులనూ మింగేస్తుంది. చింతపండు పులుసు అల్యూమినియంలో నిలవుంటే లోహపు వాసన పట్టేస్తుంది. అరటిపండు ముక్కలు నల్లబడి జావలా అయిపోతాయి.

ఇంకో చిక్కు రుచిది కాదు, ఊళ్లది. కోస్తా ఇళ్లలో చాలా చోట్ల పచ్చడి చిక్కగా, చెంచాతో తినేలా ఉంటుంది. తెలంగాణ ఇళ్లలో కొత్త కుండలో పలచగా కలిపి గ్లాసులో పోసుకు తాగుతారు. చిక్కటిది చూసి 'ఇదేం పచ్చడి' అని ఒకరు, 'తాగడమేంటి' అని ఇంకొకరు. బడి పలచటి పద్ధతినే పట్టుకుంది. కారణం రాజకీయం కాదు. 150 మందికి పంచాలంటే పోయడం తేలిక, గరిటెతో పెట్టడం కష్టం.

రెండో ఏడాది కొలత ఇది. 150 మంది, తలకు 60 మిల్లీలీటర్లు, మొత్తం 9 లీటర్లు. నీళ్లు 7 లీటర్లు, గింజ తీసిన చింతపండు 350 గ్రాములు, బెల్లం కిలోన్నర, ఉప్పు 35 గ్రాములు. పచ్చి మామిడికాయలు మధ్యరకంవి ఆరు, అంటే ముక్కలు కిలో పైచిలుకు. చింతపండు ముందు రోజు రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిసికి వడకట్టాలి. బెల్లాన్ని వేరుగా లీటరు వేడి నీళ్లలో కరిగించి పలచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే అడుగున ఇసుక తగులుతుంది, చివరి 20 కప్పుల వాళ్లు నములుతారు. రెండూ చల్లారాక కలిపి, మిగతా నీళ్లు పోసి, ఉప్పు సరిచూసి, స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టాలి. బెల్లం బెల్లానికీ తీపి తేడా ఉంటుంది కాబట్టి 200 గ్రాములు చేతిలో ఉంచుకుని ఉదయం రుచి చూసి వేయాలి.

మామిడి, వేపపువ్వు, కారం ఈ గిన్నెలో పడవు. మామిడిని పావు అంగుళం ముక్కలుగా, తొక్క తీయకుండా తరగాలి. వగరు ఉన్నది ఆ తొక్క దగ్గరే. కుళాయి ఉన్న డిస్పెన్సర్‌లో ముక్కలు వేశారా, రెండో నిమిషంలోనే కుళాయి మూసుకుపోతుంది. పండగ రోజు పట్టు చీర కట్టుకుని కుళాయి విప్పే పని ఎవరికీ వద్దు. ముక్కలు కప్పులో ముందు, నీళ్లు తరవాత. ఎండు వేపపువ్వు 40 గ్రాములు చాలు. పొడి బాణలిలో సన్నసెగ మీద రంగు మారేదాకా వేయించి తెస్తే చిటికెడు కప్పులో పడగానే చేదు తెలుస్తుంది, ఎక్కువ దిగదు. కారానికి మిరియాల పొడి. పచ్చిమిర్చి ముక్కయితే ఎవరి నోట పడుతుందో తెలియదు.

ఆరు గిన్నెలు, ఆరు మాటలు

కలిపిన పచ్చడి పంచడం ఆపి, ఆరుచోట్ల ఆరు గిన్నెలు పెట్టడం రెండో ఏడాది చేసిన అసలు మార్పు. ఒక్కో గిన్నె దగ్గర పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు. చిన్నవాళ్లు ఖాళీ కప్పుతో వరుసలో వస్తారు. గిన్నె దగ్గరి పిల్ల ఏది వేస్తోందో చెప్పి అడగాలి, కప్పు పట్టుకున్న పిల్లాడు జవాబు చెప్పాలి. అప్పుడే గరిటె లేస్తుంది. చింతపండు నీళ్లలో బెల్లం ముందే కలిసిపోయింది కాబట్టి తీపి గిన్నెలో తురిమిన బెల్లం, ఉప్పు గిన్నెలో చిటికెడు ఉప్పు పేరుకు ఉంచారు.

పైకి తేలిగ్గా కనిపించే ఈ చోటే పిల్లల తెలుగు ఎక్కడ తడబడుతుందో బయటపడింది. రుచి పేరు తెలిస్తే చాలదు, 'ఎలా ఉంది' అన్నదానికి జవాబులో మాట మారుతుంది. చేదు–చేదుగా, వగరు–వగరుగా, కారం–కారంగా మూడూ తిన్నగా నడుస్తాయి. తీపి మాత్రం తియ్యగా అవుతుంది, పులుపు పుల్లగా అవుతుంది, ఉప్పు ఉప్పగా అవుతుంది. పిల్లలు 'పులుపుగా ఉంది', 'ఉప్పుగా ఉంది' అంటారు. తప్పు పట్టకుండా గిన్నె దగ్గరి పెద్దపిల్ల 'పుల్లగా ఉందా?' అని తిరిగి అడగాలి, అంతే. ఇంకో తప్పు నవ్వు తెప్పిస్తుంది: మిరియాలు నోట్లో పడగానే 'పచ్చడి వేడిగా ఉంది!' ఇంగ్లీషులో కారానికీ వేడికీ ఒకటే మాట కావడం వల్ల వచ్చే తిప్పలు. వగరుకు ఈ పిల్లల ఇంగ్లీషులో మాటే లేదు, అందుకే అది అందరికన్నా ముందు అతుక్కుంది. తొక్క కొరికి నాలుక బిగిసినప్పుడు చెప్పిన పేరు మళ్లీ చెప్పించాల్సిన పని ఉండదు.

72 మందికి ఆరు గిన్నెలు ఒకే వరుస పెడితే 40 నిమిషాలు పడుతుంది, వెనకవాళ్లు పరుగులు మొదలుపెడతారు. రెండు వరుసలు, 12 గిన్నెలు, 24 మంది పెద్దపిల్లలు. అప్పుడు 18 నిమిషాల్లో అయిపోయింది. తల్లిదండ్రులకు మాత్రం మామూలుగా కప్పులు పోసి ఇచ్చారు, వాళ్లకి పరీక్ష పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

భోజనాల వరుసలోనూ పిల్లలే వడ్డించారు. అక్కడి పాఠం నువ్వు–మీరు. ఇంట్లో తెలుగు వినే పిల్లలు కూడా పరాయి పెద్దవాళ్లతో 'నీకు కావాలా అంకుల్?' అంటారు. అమ్మమ్మతో, తాతయ్యతో నువ్వు అనడం చాలా ఇళ్లలో మామూలే, దాన్ని బడి సరిచేయకూడదు. బయటివాళ్లకు 'మీకు ఇంకొంచెం వేయమంటారా?', పెద్దపిల్లలను అక్కా, అన్నా అనడం, 'చాలు', 'కొంచెమే', 'మారు వడ్డించండి' ఇవి మూడు వారాల ముందు నుంచి తరగతిలో ఆఖరి పది నిమిషాల్లో ఆడించారు. వడ్డించేవాళ్లకు టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. పులిహోర ఫుల్ ట్రేలు మూడు సరిపోయాయి. బొబ్బట్లు తలకు ఒకటి చొప్పున కొట్టులో చెప్పి తెప్పించారు, ఇంటి దగ్గర 150 బొబ్బట్లు ఒత్తే రోజులు పోయాయి. చీటీ మీద రాయడానికి పిల్లలు పేరు అడిగితే బొబ్బట్లు, భక్ష్యాలు, ఓళిగలు అని మూడు జవాబులొచ్చాయి. మూడూ రాశారు. ఒకదాన్ని పైన రాసి మిగతావి బ్రాకెట్లో పెట్టడం కూడా ఒక రకం తీర్పే, పక్కపక్కన రాయాలి.

పంచాంగం నుంచి సంవత్సరం పేరు దాకా

మొదటి ఏడాది పంచాంగ శ్రవణం 40 నిమిషాలు సాగింది. చదివినాయన బాగా చదివారు. వినాల్సినవాళ్లు మెట్ల మీద ఫోన్లు చూసుకుంటున్నారు. రెండో ఏడాది దాన్ని ఎనిమిది నిమిషాలకు కుదించి, మిగతా సమయం 60 సంవత్సరాల పేర్లకు ఇచ్చారు. గోడకు పెద్ద చార్టు: 2013 విజయ, 2014 జయ, 2015 మన్మథ, 2016 దుర్ముఖి, 2017 హేవిళంబి, 2018 విళంబి, 2019 వికారి, 2020 శార్వరి. పిల్లలు తాము పుట్టిన ఏడు వెతుక్కుని పేరు రాసుకోవాలి. జనవరి నుంచి ఉగాది లోపల పుట్టినవాళ్లు ముందటి ఏడు పేరు రాయాలి. టీచర్లు ఈ మాట చెప్పడం మరిస్తే నాలుగో వంతు చీటీలు తప్పుతాయి.

అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 2015లో పుట్టిన పిల్లాడిదీ 1955లో పుట్టిన తాతయ్యదీ ఒకటే మన్మథ. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చి సోఫాలో కూర్చుని విసుగెత్తిన అమ్మమ్మలు, తాతయ్యలు ఈ బడికి దొరికిన అతి పెద్ద పెన్నిధి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పితే ఏమీ రాదు. పిల్లలు వాళ్ల దగ్గరికెళ్లి 'మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?' అని అడిగి చార్టులో తమ జోడీ వెతకాలి. పుట్టిన తేదీ రికార్డులో ఒకటి, అసలు ఒకటి అని చెప్పే తాతయ్యలతో ఆట ఇంకాస్త రంజుగా ఉంటుంది.

బతుకమ్మ: పువ్వుల లెక్క

బతుకమ్మ మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండగగా ప్రకటించింది. ఈ బడిలో సగానికి తక్కువ కుటుంబాలే దాన్ని ఇంట్లో చేస్తాయి. మిగతావాళ్లకు కొత్త. అందుకే మొదటి ఏడాది చేసేవాళ్లు చేస్తే చూసేవాళ్లు చూశారు.

తంగేడు ఇక్కడ దొరకదు. గునుగు విత్తనం మే చివర చలి పూర్తిగా పోయాక పెరట్లో చల్లితే సెప్టెంబర్‌కు కంకులు వస్తాయి, నాలుగు కుటుంబాలు ఆ పని చేస్తే బడికి సరిపడా వస్తుంది. బంతి ఇండియన్ కొట్టుల్లో పౌండ్ల లెక్కన, చామంతి నర్సరీల్లో కుండీల లెక్కన దొరుకుతాయి. తంగేడు పసుపుకు బదులు రోడ్ల పక్కన విరగబూసే గోల్డెన్‌రాడ్ వాడతారు. దాన్ని చూసి తుమ్ములొస్తాయని భయపడతారు గానీ తుమ్ములు తెప్పించేది అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్, దీని పుప్పొడి బరువు, గాలికి ఎగరదు. పార్కుల్లో కోస్తే జరిమానా పడొచ్చు, సొంత స్థలంలోదే కోయాలి.

పిల్లలు పేర్చిన బతుకమ్మ ఒరిగిపోవడానికి ఎప్పుడూ ఒకటే కారణం: కాడల పొడవు. తాంబాలంలో గుమ్మడి ఆకులు, దొరక్కపోతే కాలార్డ్ అనే వెడల్పాటి ఆకుకూర ఆకులు పరిచి, వరుసకు రెండంగుళాల కాడతో పూలు చుట్టూ పెట్టి, మధ్య ఖాళీలో తరిగిన ఆకు, కాడలు కూరి, ప్రతి రెండు వరుసలకు దారం చుట్టాలి. మధ్యలో కూరడం తక్కువైతే మూడో వరుసకు కుంగుతుంది. థర్మోకోల్ కోను పెట్టి దాని మీద గుచ్చే పద్ధతి త్వరగా అవుతుంది కానీ తరవాత నీళ్లలో వదలడానికి పనికిరాదు. ఎలాగూ పార్కు చెరువులో వదలడానికి అనుమతి ఉండదు. పెద్ద టబ్బులో వదిలి, దారాలు తీసి పూలను కంపోస్టుకు పంపారు.

పాట సంగతి. మొదటి ఏడాది బ్లూటూత్ స్పీకర్‌లో డీజే మిక్స్ పెట్టారు. చప్పట్లు పడ్డాయి, నోళ్లు మూతపడ్డాయి. బతుకమ్మ పాటలో ఒకరు చరణం అందుకుంటే అందరూ 'ఉయ్యాలో' అంటారు, మొదటి తరగతి పిల్లకు రావలసింది ఆ ఒక్క మాటే. నెల రోజుల్లో తానే చరణం అందుకుంటానంటుంది. రెండో ఏడాది స్పీకర్ తేలేదు. 25 మంది దాటితే వలయం రెండుగా చేయాలి, లేకపోతే అవతలివాళ్లకు చరణం వినపడక ఉయ్యాలో ఆలస్యంగా వస్తుంది, పాట ఈడ్చుకుపోతుంది.

సంక్రాంతి, మంచు

జనవరిలో మంచు పడి డిస్ట్రిక్ట్ భవనం మూసేస్తే పర్మిట్ రద్దవుతుంది, తెచ్చిన ట్రేలు కారు డిక్కీలో ఉంటాయి. వండే పండగ కాకుండా గీసే పండగగా మార్చడమే మేలు. గచ్చు మీద ముగ్గుపిండి పనికిరాదు, జారుతుంది, కడిగే రుసుము వేస్తారు. నల్ల చార్టు కాగితం చుట్టలు, తెల్ల సుద్దలు చాలు. ఇద్దరిద్దరు పిల్లలు. ఒకరి చేతిలో ముగ్గు బొమ్మ, ఇంకొకరి చేతిలో సుద్ద, మధ్యలో అట్ట అడ్డం. '7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్క' అంటే మధ్య వరుసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు రావాలి. రాకపోతే ఎక్కడో మాట సరిగా వినలేదన్నమాట. పైన, కింద, ఎడమ, కుడి, కలుపు, తిప్పు, చుట్టు. ఈ మాటలను తరగతిలో నెల చెప్పినా రానంత బాగా అరగంటలో వాడారు.

భోగిపళ్లకు పచ్చి రేగిపళ్లు దొరకవు. చైనీస్ కొట్టుల్లో ఎండు జుజుబి దొరుకుతుంది, అది మన రేగుకు దగ్గరి చుట్టమే. కానీ నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజ గొంతులో అడ్డం పడే ప్రమాదం. ద్రాక్ష అంతకన్నా ప్రమాదం. ఆ వయసువాళ్లకు పూరేకులు మాత్రమే పోసి, చిల్లర నాణాలు కూడా మానేశారు.

టీచర్లు

ఒక పండగ టీచర్‌కు మామూలు వారం కన్నా ఆరేడు గంటల పని పెంచుతుంది. మొదటి ఏడాది టీచర్లే నాటిక నేర్పారు, టీచర్లే సైన్-అప్ షీట్ వెంట పడ్డారు, చివరికి బల్లలూ వాళ్లే తుడిచారు. మే నెలలో వచ్చే ఏడాదికి ముగ్గురు కుదరదన్నారు. రెండో ఏడాది టీచర్లను తిండి, బల్లలు, డబ్బు ఈ మూడింటికీ దూరంగా ఉంచారు. ప్రతి తరగతి తల్లిదండ్రులకు ఏడాదికి ఒక్క పండగ పని మాత్రమే, సెప్టెంబర్‌లోనే చీటీ తీసి పంచారు. కుటుంబానికి 10 డాలర్లు ముందే వసూలు. పొట్లక్ (తలా ఒక వంట చేసి తేవడం) పూర్తిగా మానేశారు, ఎవరి వంట మిగిలింది అన్న చిన్నబుచ్చుకోవడాలు దాంతోపాటే పోయాయి. వానాకాలం తరవాత పిట్టగోడల మీద నాచులా ఈ చిన్నబుచ్చుకోవడాలు ఎక్కడి నుంచి పుడతాయో తెలియదు గానీ బళ్లు మూతపడేది వాటి వల్లే, సిలబస్ వల్ల కాదు.

టీచర్లకంటూ ఒక కలయిక కావాలి. కార్తీక వనభోజనం నవంబర్ చలిలో, ఉసిరి చెట్టు లేని ఊళ్లో కుదరదు. జూన్ మొదటి ఆదివారం పార్కులో పెట్టారు, పేరు మాత్రం వనభోజనమే. పిల్లల మార్కులు, వచ్చే ఏటి తరగతులు మాట్లాడకూడదన్నది ఒకే షరతు. అరగంట నిలబడింది, తరవాత అదే మాట్లాడుకున్నారు. అయినా ముగ్గురిలో ఇద్దరు మళ్లీ బడికి వచ్చారు.

ఇంకా తేలనివి

ఆరు గిన్నెల పద్ధతి పెద్దపిల్లల మీద బరువు పెడుతుంది. 24 మంది గిన్నెల దగ్గరే ఉండిపోతే వాళ్లు పచ్చడి తాగేది చివర్లో, అప్పటికి మామిడి ముక్కలు అయిపోయాయి. వచ్చే ఏడాది వాళ్లకు ఉదయం 10 గంటలకే ముందుగా పంచి, ఆ తరవాత గిన్నెల దగ్గరికి పంపాలని నిర్ణయించారు. తల్లిదండ్రులలో ఒకరికి తెలుగు రాని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు వరుసలో సిగ్గుపడి వెనక్కి తగ్గుతున్నారు. వాళ్ల చేతికి ఆరు మాటలు రాసిన చిన్న అట్టముక్క ఇచ్చి చూశారు. ఇద్దరు వాడారు, ఒకరు దాచుకున్నారు. మాట కన్నా జోడీ ముఖ్యమేమో, తోడుగా పెద్దక్కను పంపి చూడాలి.

ఎండు వేపపువ్వు ఉగాదికి వారం ముందు కొట్టుల్లో అయిపోతుంది. 2025లో 40 గ్రాముల కోసం మూడు ఊళ్లు తిరిగారు. జనవరిలో సంక్రాంతి సుద్దముక్కలతోపాటే కొని డబ్బాలో పెట్టుకోవాలి.